రాత్రిపూట క్లినిక్కా, పెద్దాసుపత్రా? ఒడిశా సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కొరాపుట్ వైపు ఉండే తెలుగు కుటుంబాల కోసం ఇది. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి ఒంట్లో బాగోకపోతే ఎక్కడికి పరిగెత్తాలి, ఏం పట్టుకెళ్ళాలి, ఏం అడగాలి అన్నవే ఇందులోని ప్రశ్నలు. ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి చదివి పెట్టుకోండి. ఆ సమయంలో చదివే తీరిక ఉండదు.

అర్జెంట్ కేర్ క్లినిక్ అంటే మన దగ్గర ఏది?

ఆ పేరుతో బోర్డు వెతికితే దొరకడం కష్టం. మన ఊళ్ళలో ఆ పని చేసేవి మూడు రకాలు. సాయంత్రం నుంచి రాత్రి దాకా డాక్టరుబాబు కూర్చునే క్లినిక్కులు, 24 గంటలూ తెరిచి ఉంటామని రాసుకున్న నర్సింగ్ హోములు, ప్రభుత్వ ఆసుపత్రుల్లోని క్యాజువాలిటీ, అంటే అత్యవసర విభాగం. మొదటి రెండూ ప్రాణం మీదికి రాని జబ్బులకు. మూడోది ప్రాణం మీదికి వచ్చినప్పుడు. ఈ తేడా తెలియకపోవడం వల్లే మన దగ్గర ఎక్కువ సమయం వృథా అవుతుంది.

24 గంటలు అని బోర్డు ఉన్నంత మాత్రాన 24 గంటలూ డాక్టరు ఉంటారని కాదు. చాలాచోట్ల రాత్రి ఉండేది ఒక సిస్టరు, ఒక వార్డు బాయ్. డాక్టరు ఇంటి దగ్గర నుంచి ఫోనులో చెబుతారు. అందుకే బయలుదేరేముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి: డాక్టరు ఇప్పుడు అక్కడే ఉన్నారా, ఈసీజీ తీస్తారా, ఆక్సిజన్ ఉందా, ఎక్స్‌రే ఈ వేళలో అవుతుందా. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఏ జబ్బులకు క్లినిక్ చాలు?

ఒకటి రెండు రోజుల జ్వరం, దగ్గు, గొంతునొప్పి, చెవిపోటు, మనిషి తెలివిగా ఉండి నీళ్ళు తాగగలుగుతున్నప్పుడు వాంతులు విరేచనాలు, కుట్లు పడేంత చిన్న తెగుడు, కాలు బెణకడం, మూత్రంలో మంట, దద్దుర్లు, ఇదివరకు చాలాసార్లు వచ్చి నెబ్యులైజర్‌తో తగ్గిపోయే తేలికపాటి ఆయాసం. వీటి కోసం జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో గంటలు నిలబడనక్కర్లేదు.

నేరుగా ఆసుపత్రికే పోవాల్సినవి ఏవి?

ఛాతీలో బరువు పెట్టినట్టు నొప్పి, అది దవడకో ఎడమ చేతికో పాకడం, దాంతోపాటు చెమటలు. మూతి ఒకపక్కకు వంకరపోవడం, చెయ్యి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం. ఆగని ఫిట్స్. మాట పూర్తి చేయలేనంత ఆయాసం. రక్తం కక్కుకోవడం, నల్లటి విరేచనం. పిలిస్తే పలకకపోవడం. పాముకాటు, పురుగుమందు, పెద్ద కాలిన గాయం. తలకు దెబ్బ తగిలి తర్వాత వాంతులు కావడం.

ఛాతీ నొప్పి గురించి ఒక మాట. మన ఇళ్ళలో దాన్ని గ్యాస్ అనేసి, ఈనో కలిపి తాగించి, తెల్లారాక చూద్దాం అంటారు. షుగర్ ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా ఉత్త నీరసంగా, పై కడుపులో ఇబ్బందిగా కూడా రావచ్చు. అది గ్యాసో కాదో ఈసీజీ చూసి డాక్టరు చెప్పాలి, వదినో బావగారో కాదు.

పక్షవాతానికి గడియారం ముఖ్యం. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. అందుకే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?" అని. నిద్రలో వస్తే, లేచిన సమయం కాదు, పడుకున్న సమయం చెప్పాలి. ఇంట్లోంచి కదిలే ముందే ఆ సమయం కాగితం మీద రాసుకోండి. అనుమానం ఉంటే మాత్రం దారిలో చిన్న క్లినిక్కులు ఎక్కి దిగకుండా తలకు సీటీ స్కాన్ తీసే ఆసుపత్రికే పోవాలి. ఏది దగ్గరో 108 వాళ్ళనే అడగండి.

ఎలాగూ విశాఖకే పంపిస్తారు కదా, నేరుగా విశాఖకే పోతే?

అందరూ అడిగేది ఇదే. ఆ ఆలోచన ఎందుకొస్తుందో అర్థమవుతుంది. చుట్టాలు అక్కడే, భాష అక్కడిదే, అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ పేరు తాతల నాటి నుంచి వింటున్నదే. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా నేరుగా దిగిపోవచ్చు. ముందే అనుకున్న ఆపరేషన్లకూ, పాత జబ్బులకూ అలా పోవడంలో తప్పేమీ లేదు.

అత్యవసరం వేరు. కొరాపుట్ నుంచి సాలూరు ఘాట్ రోడ్డులో రాత్రి కారు పోయే గంటల్లో ఫిట్స్ వస్తే, ఊపిరి ఆగితే, బీపీ పడిపోతే బండిలో ఉన్న బామ్మర్ది ఏం చేయగలడు? మొదటి సూది దగ్గర్లో, మిగతా వైద్యం ఎక్కడైనా. నేను అందరికీ చెప్పేది ఇంతే. పాము విషానికి విరుగుడు, ఫిట్స్ ఆపే మందు, గుండెపోటుకు మొదటి వైద్యం, సెలైన్, ఆక్సిజన్ లాంటివి దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో మొదలుపెట్టి, మనిషి కాస్త నిలదొక్కుకున్నాక రిఫరల్ కాగితంతో అంబులెన్సులో కదలడం మేలు.

దగ్గర్లో అంటే రాష్ట్రం చూసుకోవద్దు. పర్లాకిమిడి, పాతపట్నం ఆనుకుని ఉన్న ఊళ్ళు. ఇచ్ఛాపురం వాళ్ళకు శ్రీకాకుళం కంటే బరంపురం చాలా దగ్గర. అక్కడి మహారాజా కృష్ణచంద్ర గజపతి మెడికల్ కాలేజీకి ఆంధ్రా పల్లెల నుంచి తరతరాలుగా వస్తూనే ఉన్నారు. కొరాపుట్‌లో 2017 నుంచి శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. రాయగడ జిల్లా లోపలి పల్లెలకు బిసంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్ ఎప్పటి నుంచో ఆసరా. ఏ ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు డాక్టరైనా ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులోనే చెప్పింది. "మీరు ఆ రాష్ట్రం వాళ్ళు" అని క్యాజువాలిటీ గుమ్మంలో ఎవరూ తిప్పి పంపకూడదు.

108కి ఫోన్ చేస్తే ఆంధ్రా వాళ్ళు ఎత్తారు. ఏం చేయాలి?

సరిహద్దులో ఫోను పక్క రాష్ట్రం టవరు పట్టుకుంటుంది, కాల్ అటు పోతుంది. కంగారుపడి పెట్టేయకండి. ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, బ్లాకు, ఊరు, దగ్గర్లోని గుర్తు చెప్పండి. "మెయిన్ రోడ్డు, రామమందిరం పక్కన" అంటే ఏ ఊరి రామమందిరం? కుదరకపోతే అన్ని అత్యవసరాలకూ ఉన్న 112 నంబరుకి చేయండి. ఒడిశాలో గర్భిణులకు, చంటిపిల్లలకు 102 బండి ఉంది. 108 సాధారణంగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తుంది, మీరు కోరిన విశాఖ ప్రైవేటు ఆసుపత్రికి కాదు. అది ముందే తెలిస్తే డ్రైవరుతో గొడవ ఉండదు.

పాము కరిస్తే క్లినిక్కుకి పోవచ్చా?

వద్దు. కమ్యూనిటీ హెల్త్ సెంటరుకో, సబ్ డివిజనల్ ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో పోవాలి. విరుగుడు మందు ఉండేది అక్కడ, అదీ ఉచితంగా. మన దేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకటే. కాబట్టి ఏ పామో చెప్పడానికి దాన్ని చంపి సంచిలో తేనక్కర్లేదు. అలా తేబోయి రెండోవాడు కూడా కరిపించుకుంటాడు.

కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర పెట్టి వదులుగా గుడ్డ చుట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు తీసేయండి, తర్వాత వాపు వస్తే తీయలేరు. కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. ఎవరైనా ముందే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు ఎదుటే విప్పాలి. మనిషిని నడిపించకండి, మోసుకెళ్ళండి, లేదా బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకోండి.

కట్లపాముతో పెద్ద చిక్కుంది. నేలమీద పడుకున్నవాళ్ళను రాత్రిపూట కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లారుజామున కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. వానాకాలంలో నేలమీద పడుకుని లేచిన మనిషికి ఇలా ఉంటే గాటు లేకపోయినా పాము అనుకునే ఆసుపత్రికి పరిగెత్తండి. రక్తపింజర అయితే రక్తం గడ్డకట్టదు. అందుకే గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. ఆ 20 నిమిషాలూ "ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు" అని నర్సుల మీద అరవకండి, అది పరీక్షే. ఏ లక్షణం లేకపోయినా ఒక రోజంతా ఆసుపత్రిలో ఉంచుతారు, ఉండండి.

మంత్రం మీద నమ్మకం ఉంటే గురువుగారిని ఆసుపత్రికే రమ్మనండి. సూది పడ్డాక ఆయన ఎంతసేపు మంత్రించినా ఎవరికీ అభ్యంతరం లేదు.

కుక్క కరిస్తే?

ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆసుపత్రికంటే ముందు చేయాల్సింది ఇదే. పసుపు, కారం, సున్నం పెట్టకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ అనే, వెంటనే పనిచేసే రక్షణ మందు కూడా వేయాలి. "నాకు అది పడుతుందా?" అని మీరే అడగండి. పిల్లి, కోతి, నక్క కరిచినా ఇంతే. ఒక డోసు పర్లాకిమిడిలో, రెండోది టెక్కలిలో వేయించుకున్నా ఫర్వాలేదు, కార్డు మాత్రం పోగొట్టుకోకండి.

జ్వరానికి ఎప్పుడు కంగారు పడాలి?

మన ప్రాంతపు జ్వరం వేరు. కొరాపుట్, మల్కనగిరి, రాయగడ, గజపతి కొండల్లో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఉంది. మెదడుకు ఎక్కితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీసేది అదే. అందుకే 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో కొండ ఊళ్ళలో జ్వరం లేనివాళ్ళకు కూడా మలేరియా పరీక్ష చేయడం మొదలుపెట్టింది. ఆశా దీదీ దగ్గర వేలి రక్తంతో చేసే కిట్ ఉంటుంది, ఉచితం. చలిజ్వరం వస్తే క్లినిక్కుకి పోకముందే అది చేయించుకోవచ్చు. ఈ మధ్యే మలేరియాకు మందులు వాడి ఉంటే ఆ తేదీ చెప్పండి. జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు కొన్ని కిట్లలో గీత కనబడుతూనే ఉంటుంది.

చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. విశాఖలోనో హైదరాబాదులోనో చదువుకుంటున్న మీ అబ్బాయి పండక్కి వచ్చి, తిరిగి వెళ్ళాక జ్వరం వస్తే అక్కడి డాక్టరుకి మలేరియా తట్టకపోవచ్చు. "రెండు వారాల కింద నారాయణపట్నం దగ్గర మా ఊళ్ళో పడుకున్నాను" అని వాడే చెప్పాలి.

ఐదు రోజులు దాటినా తగ్గని జ్వరానికి స్క్రబ్ టైఫస్ కూడా కారణం కావచ్చు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టినచోట సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. అది చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద దాక్కుంటుంది కాబట్టి సిగ్గుపడి చూపించకపోతే ఎవరికీ తెలియదు. తెలిస్తే చవకైన మందుతో తగ్గిపోయే జబ్బు, తెలియకపోతే ఐసీయూ దాకా తీసుకెళ్తుంది.

డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో పారాసెటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు వేసుకోకండి. ఇంట్లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు) ఉన్నవాళ్ళుంటే ఆ మాట జ్వరం కన్నా ముందు చెప్పాలి.

ఏం పట్టుకెళ్ళాలి?

ఆధార్, ఆయుష్మాన్ కార్డు, రేషన్ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల పట్టీలు. పేర్లు గుర్తులేకపోతే పట్టీలనే సంచిలో వేసుకురండి, "తెల్లమాత్ర ఒకటి, గులాబీది ఒకటి" అంటే ఎవరూ కనుక్కోలేరు. ఏ మందు పడదో ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఆధార్ వెనకాల పెట్టండి. ఫోను చార్జరు, కొంత నగదు కూడా ఉండాలి. ఘాట్ రోడ్డు దగ్గర సిగ్నల్ లేక ఫోన్‌పే ఆడని రాత్రులు ఉంటాయి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చుట్టరికాలు ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా: కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) ఎక్కువని ఎప్పుడైనా చెప్పి ఉన్నా, డాక్టరు సూది చేతిలోకి తీసుకోకముందే ఆ మాట చెప్పండి. ఒళ్ళునొప్పులకు మామూలుగా వేసే సూది మీ కిడ్నీలకు చేటు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళు ఏ చేతికి ఫిస్టులా (డయాలిసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉందో చూపించి, ఆ చేతికి బీపీ పట్టీ, సెలైన్ వద్దని చెప్పాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచాక ఉద్దానం వాళ్ళకు విశాఖ ప్రయాణాలు కొంత తగ్గాయి.

నాకు ఒడియా రాదు. డాక్టరుతో ఎలా మాట్లాడాలి?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో క్యాజువాలిటీలో తెలుగు తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు, అడగండి. అవసరానికి ఈ మాటలు చాలు: జొరొ హెయిచ్చి అంటే జ్వరం వచ్చింది, ముండొ బింధుచ్చి అంటే తలనొప్పి, పేటొ కాటుచ్చి అంటే కడుపునొప్పి, సాపొ కాముడిచ్చి అంటే పాము కరిచింది. ఒడియా బడిలో చదివే పిల్లల్ని మధ్యవర్తులుగా పెట్టుకోవడం మనకు అలవాటు. అమ్మ నెలసరి గురించో, నాన్న తాగుడు గురించో పదేళ్ళ పిల్లతో చెప్పించడం బాగోదు, ఆ పిల్ల చెప్పదు కూడా. పెద్దవాళ్ళెవరినైనా తోడు తీసుకెళ్ళండి.

ఏ కార్డు ఎక్కడ పనిచేస్తుంది?

ఒడిశాలో 2018 నుంచి నడిచిన బిజూ స్వాస్థ్య కల్యాణ్ పథకం ఇప్పుడు గోపబంధు జన ఆరోగ్య యోజన అయింది. 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్‌తో కలిసింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్‌లో నమోదైన ఆసుపత్రి అయితే రాష్ట్రం దాటినా చెల్లుతుంది. అంటే విశాఖకు పోయేముందు "మీ దగ్గర ఒడిశా ఆయుష్మాన్ కార్డు తీసుకుంటారా, ఈ జబ్బుకు తీసుకుంటారా?" అని రెండు ప్రశ్నలూ అడగాలి. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పే ఆసుపత్రులు ఉంటాయి. ఆంధ్రా రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు ఆరోగ్యశ్రీ వేరే ఉంది. దాన్ని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

ఒడిశా, ఆంధ్రా రెండూ తమవే అనే కొటియా పల్లెల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్ళున్నాయి. వాళ్ళ అదృష్టమో దురదృష్టమో గాని, ఆసుపత్రిలో చేరేటప్పుడు ఏదో ఒకటే చూపించాలి.

బాగా గుర్తుంచుకోవాల్సింది: ఈ కార్డులు ఆసుపత్రిలో చేరితేనే. క్లినిక్కులో చూపించుకుని, సూది వేయించుకుని, రెండు గంటలు సెలైన్ పెట్టించుకుని ఇంటికి వస్తే ఆ ఖర్చు మీదే. 70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి వేరే ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇప్పుడే తీయించండి.

ప్రైవేటు క్లినిక్కులో బిల్లు ఎంతవుతుందో ముందే తెలుసుకోవచ్చా?

అడగొచ్చు, అడగాలి. డాక్టరు ఫీజు, రాత్రి ఫీజు, మంచం, సిస్టరు చార్జీ విడివిడిగా వేస్తారు. నీరసానికి సెలైన్ పెట్టమని మీరే అడగకండి. నోటితో తాగగలిగే మనిషికి దానివల్ల ఒరిగేది తక్కువ, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ అనే ఉచిత మందుల పథకం కౌంటరులో మందులు ఉచితం. బయట కొనమని రాస్తే "కౌంటరులో లేదా?" అని ఒకసారి అడగండి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ ఉన్నాడు, ముందు ఆయనకు చూపిస్తే?

అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆయనే, నిజమే. ఆయన్ను తిట్టడం తేలిక. కానీ ఏం సూది వేశాడో, ఏం మాత్రలిచ్చాడో చీటీ మీద రాయించుకోండి. స్టెరాయిడ్ వేస్తే జ్వరం తాత్కాలికంగా దిగుతుంది, అసలు జబ్బు లోపల పెరుగుతుంది, తర్వాత చూసే డాక్టరు తికమకపడతాడు. పైన చెప్పిన నేరుగా ఆసుపత్రికి పోవాల్సిన జాబితాలో ఏది ఉన్నా ఆయన గుమ్మం ఎక్కకండి.

చంటిపిల్లల సంగతి?

మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే క్లినిక్ కాదు, ఆసుపత్రే. ఏ వయసు పిల్లలైనా పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, మత్తుగా పడుకోవడం, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోవడం, ఏడెనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం ప్రమాదం. విరేచనాలకు ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. చిటికెడు చిటికెడు గ్లాసులో కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. జింకు మాత్రలు విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి.

గర్భిణికి ఏదైనా తేడా అనిపిస్తే?

రక్తం కనబడినా, నీరు పోయినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఆసుపత్రికి. రోడ్డు సరిగా లేని ఊళ్ళవాళ్ళు నెల దగ్గర పడగానే ఒడిశాలో ఆసుపత్రుల పక్కన గర్భిణుల కోసం ఉండే "మా గృహ" వసతిలో ముందే చేరి ఉండొచ్చు.

పురుగుమందు తాగితే?

వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించకండి. బట్టలు మార్చి ఒళ్ళు కడిగి, డబ్బా తప్పకుండా పట్టుకెళ్ళండి. గుణుపురం, బిసంకటక్ వైపు పత్తి చేలున్న ఇళ్ళలో నాలుగైదు రకాల డబ్బాలు ఉంటాయి, ఒక్కోదానికి వైద్యం వేరు. పరువు కోసం "పొరపాటున పడింది" అని చెప్పినా సరే, ఏ మందో, ఎంతో, ఎప్పుడో మాత్రం నిజం చెప్పండి.

రోడ్డు ప్రమాదం. పోలీసు కేసు భయం ఉంది.

గాయపడ్డవాళ్ళను చేర్చినవారిని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఉంది. వైద్యం ముందు, పోలీసులకు కబురు తర్వాత. ప్రమాదం ఒడిశాలో జరిగి ఆంధ్రా ఆసుపత్రిలో ఉంటే అక్కడి స్టేషనులోనే జీరో ఎఫ్ఐఆర్ (ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా రాసుకునే ఫిర్యాదు) రాయించొచ్చు. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది. ఆసుపత్రివాళ్ళు చెప్పకపోతే మీరు అడగండి.

చూసి ఇంటికి పంపేశారు. మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?

వచ్చేముందే డాక్టరుని "ఏం జరిగితే మళ్ళీ రావాలి?" అని అడిగి రాయించుకోండి. డెంగీలో జ్వరం దిగిన మర్నాడే కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళలో రక్తం మొదలైతే అది తగ్గడం కాదు, ముదరడం. వెంటనే వెళ్ళాలి. కుట్లు వేసినచోట ఎర్రబడి చీము పట్టినా, మాత్ర మింగగానే దద్దుర్లు లేచినా ఆగకండి. రెండోసారి వేరే ఆసుపత్రికి పోతే మొదటి చీటీ, రక్తపరీక్షల కాగితాలు, వేసిన సూదుల పేర్లు పట్టుకుపోండి. చీటీ ఇవ్వలేదంటే, ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.